గొర్రెలకు మిగిలిన బిట్టు

ఏదైనా కొన్నప్పుడు అది ఎంతకొచ్చిందో చెప్పడం కంటే, దాంతోపాటు ఊరికే ఏమొచ్చిందో చెప్పడం నాకు ఎక్కువ ఇష్టం. కూరగాయల మీద కరివేపాకు, మిక్సీ మీద స్టీలు గరిటె, పరుపు మీద రెండు దిండ్లు. వస్తువు మామూలుదే, ఎవరైనా డబ్బిచ్చి తెచ్చుకుంటారు. కొసరు మాత్రం మన తెలివికి వచ్చిన బహుమతి. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర ఒక పన్ను పీకించుకుని, బుగ్గలో దూదితోనే పక్క పన్నును ఊరికే క్లీన్ చేయమని అడిగాను. ఆయన చేశాడు. ఇంటికొచ్చి నొప్పితో మూలుగుతూనే మా ఆయనకి ఆ రెండో పన్ను చూపించాను.

ఈ రోగం నాకు పుట్టుకతో వచ్చింది. మాది సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో చీరల ఫాల్స్, లేసులు, గుండీలు, జిప్పులు, దారాలు అమ్మే దుకాణం. చలికాలం వస్తే ఊలు కూడా. నాన్న తరవాత గల్లా మీద మా అక్క కూర్చుంది. నేను పెళ్లి చేసుకుని మల్కాజ్‌గిరి వెళ్లాను, కాలేజీలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. కానీ సాయంత్రమైతే కాళ్లు వాటంతట అవే బస్సెక్కి దుకాణానికి వస్తాయి. కౌంటర్ లోపలి వైపు ఒక స్టూలు ఇప్పటికీ నాదే.

అక్క ఎక్కడికీ వెళ్లదు. ఒక రోజు యాదగిరిగుట్ట, మహా అయితే రెండు రోజులు తిరుపతి, అంతే. దుకాణానికి తాళం పడితే ఆమెకు ఒళ్లు వెచ్చబడుతుంది. అలాంటి మనిషి పోయిన చలికాలంలో ఒక సాయంత్రం చేతిలోని ఊలు ఉండ తిప్పి, దాని మీది కాగితం నాకు చూపించింది. దాని మీద ఒక పచ్చటి గుట్ట, గుట్ట నిండా తెల్లటి గొర్రెలు, వెనక మంచు కొండ.

"ఈ బొమ్మల ఉన్న ఊరు నిజంగనే ఉంటదానే?" అంది.

నేను ఫోన్‌లో వెతికి న్యూజిలాండ్ అన్నాను.

"ముప్పై ఏండ్ల సంది అమ్ముతున్న. గీ ఊలు ఎవరి వీపు మీదికెళ్లి వస్తదో ఒక్కసారన్న చూడాలె గద."

"పోదామా మరి?" అన్నాను నవ్వుతూ. బజార్‌లో అందరం అందరినీ ఇలాగే అడుగుతాం, ఎవరూ ఎక్కడికీ పోరు.

అక్క నవ్వలేదు. "లష్కర్ బోనాలైన తెల్లారి ఎక్కుత. శ్రావణం షురూ అయ్యేసరికి గల్లా కాడ ఉండాలె. గా నడుమల తీస్కపోయి తీస్కరా. వస్త."

నేను స్టూలు మీది నుంచి నిజంగానే కింద పడబోయాను.

లష్కర్ అంటే మా సికింద్రాబాదే, ఆ లెక్క మా బజార్‌లో అందరికీ అర్థమవుతుంది. ఆషాఢంలో అమ్మవారికి బోనం ఎత్తకుండా అక్క ఊరు కదలదు. శ్రావణం వచ్చిందంటే వ్రతాలు, పెళ్లిళ్లు. ఆషాఢం డిస్కౌంట్‌లో కొని బీరువాలో పెట్టిన చీరలన్నీ ఒక్కసారిగా ఫాల్స్ కోసం బయటికొస్తాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న ఖాళీలోనే అక్క ప్రపంచ యాత్ర జరగాలి. అక్కడ అప్పుడు మంచి చలికాలమట, అక్కకు అది ఇంకా నచ్చింది. సికింద్రాబాద్‌లో స్వెటర్ వేసుకుంటే మధ్యాహ్నానికి విప్పి సంచిలో పెట్టుకోవాల్సిందే. "స్వెటర్ ఇప్పకుండ ఒక పూరా దినం ఉండి చూస్త" అంది.

"ఒకటే మాట చెప్తున్న విను," అంది మళ్లీ. "గొర్రెల కాడ నిమ్మళంగ ఉండాలె. అటిటు ఉరుకుడైతె నేను రాను. ఒకపారి రానంటే మళ్ల అడగకు."

అక్క సంగతి నాకు తెలుసు. ఆమె ఒక్క రేటే చెప్తుంది. ఇష్టముంటే కొనాలి, లేకపోతే లేదు. ఒకే ఇంట్లో ఒకే గల్లా పక్కన పెరిగి ఆమె అట్లా, నేను ఇట్లా ఎలా తయారయ్యామో ఆ అమ్మవారికే తెలియాలి.

మర్నాడే టికెట్ల ఏజెంటు దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఆఫీసు మా దుకాణానికి రెండు సందుల అవతల, ఇరుకు మెట్లెక్కితే పైన. బయట చెప్పులు విప్పి లోపలికెళ్లాలి. నెమ్మదైన మనిషి, కంప్యూటర్ వైపు చూస్తూ మాట్లాడతాడు.

"సింగపూర్ మీదుగా ఉంది మేడమ్. కావాలంటే మధ్యలో ఒక రోజు సింగపూర్‌లో దిగి ఊరు చూసుకోవచ్చు. టికెట్ రేటు అదే."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అదే రేటా?"

"అదే మేడమ్."

"అంటే సింగపూర్ ఊరికే?"

"ఊరికే అని కాదు గానీ..."

ఆ 'గానీ' తరవాత ఆయన ఏమన్నాడో నేను వినలేదు. ఎన్నో బేరాలు చేశాను గానీ కొసరు కింద ఒక దేశాన్ని ఎవరూ ఇవ్వలేదు. మెట్లు దిగుతుంటే కాళ్లు నేల మీద లేవు. దుకాణానికొచ్చి చెప్తే అక్క "సరే తియ్, ఒక దినమే గద" అని ఒప్పుకుంది. అక్కడితో ఆగి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

ఒక దేశం ఊరికే ఇచ్చినవాడు రెండోది ఇవ్వడా? రెండు రోజుల తరవాత మళ్లీ మెట్లెక్కాను. వేరే విమానంలో వెళ్తే బ్యాంకాక్‌లో దిగొచ్చట, పైగా రేటు తగ్గుతుందట. తగ్గుతుంది! ఊరు పెరిగింది, ధర తగ్గింది. ఇంత విచిత్రమైన వ్యాపారం మా నాన్న కలలో కూడా చూసి ఉండడు. "మరి వచ్చేటప్పుడు?" అన్నాను. వచ్చేటప్పుడు కౌలాలంపూర్. "అటు పక్కనే కదా సిడ్నీ?" అన్నాను. "పక్కన అంటే... దానికి వీసా వేరే తీసుకోవాలి మేడమ్" అన్నాడు. తీసుకుందాం, దాందేముంది. సిడ్నీ వేస్తే మెల్‌బోర్న్ అలుగుతుందేమో, అదీ వేయండి. ఆయన వేళ్లు కీబోర్డు మీద నాట్యం చేస్తున్నాయి, నేను పక్కన తాళం వేస్తున్నట్టు బల్ల మీద వేళ్లతో కొడుతున్నాను.

ఎండలు ముదిరేదాకా నాకు మత్తుగా గడిచింది. క్లాసులో పాఠం చెప్తూ చెప్తూ కిటికీలోంచి బయటికి చూసి నవ్వుకునేదాన్ని. సాయంత్రం దుకాణంలో స్టూలెక్కి ఫోన్ తెరిస్తే బేరానికొచ్చినవాళ్లంతా చుట్టూ చేరేవాళ్లు. పక్క సందు టైలర్ మాస్టర్ గుండీలకొచ్చి, బ్యాంకాక్‌లో గుండీల కోసమే ఒక బజార్ ఉందటమ్మా అని చెప్పి నా నెత్తిన ఇంకో అరపూట పెట్టాడు. తిరుమలగిరి నుంచి ఊలు కోసం వచ్చే మిలిటరీ ఆఫీసరు భార్య ఒకామె, సిడ్నీలో ఓడ ఎక్కకపోతే వెళ్లనట్టే అంది. ఓడ కూడా వేశాను. ఎవరేం చెప్పినా వేసుకుంటూ పోయాను. అక్క జిప్పులు వెతుకుతూ, రీళ్లు చుడుతూ వింటూ ఉండేది. ఏమీ అనలేదు. నేనది ఇష్టమే అనుకున్నాను.

మా ఆయన మాత్రం ఒక ఆదివారం కాఫీ తాగుతూ నా ప్లాను చూశాడు. ఆయనది రాజమండ్రి, నిదానమైన మనిషి, అడిగిన రేటిచ్చి వచ్చేస్తాడు. మాకు పెళ్లయిన కొత్తలో నేను దీనికి ఏడ్చాను కూడా.

"ఇదేం విమానమోయ్, సిటీ బస్సులా చెయ్యెత్తిన చోటల్లా ఆగుతోంది?"

"ఆగితే మనకేం పోయింది? రేటు అదే."

"వదినగారు ఎక్కడికి వెళ్లాలన్నారు?"

"న్యూజిలాండ్."

"అది ఇందులో ఎక్కడుంది?"

"అదిగో, సిడ్నీకీ మెల్‌బోర్న్‌కీ మధ్య."

ఆయన అద్దాలు పైకి తోసుకుని కాసేపు వెతికాడు. తరవాత కాఫీ గ్లాసు పట్టుకుని లేచి వెళ్లిపోయాడు. మొగుళ్లకు కొసరు విలువ తెలీదని నేను జాలిపడ్డాను.

అక్కకు మొత్తం యాత్ర నేను చదివి వినిపించింది ఒక మంగళవారం మధ్యాహ్నం. ఎండకు గిరాకీ పలచబడ్డ వేళ. ఒకామె చీర పట్టుకుని మ్యాచింగ్ లేసు కోసం పెట్టెలు చూసుకుంటోంది. నేను గొంతు సవరించుకుని, పెళ్లి పత్రిక చదివినట్టు చదివాను. బ్యాంకాక్, సింగపూర్, సిడ్నీ, న్యూజిలాండ్, మెల్‌బోర్న్, కౌలాలంపూర్. ఇన్ని ఊళ్లు, ఒక్క ఊరి రేటుకు. చివర్లో చప్పట్లు కొడుతుందేమో అన్నట్టు ఆగాను.

అక్క పైన అరలోంచి అయిపోవచ్చిన ఒక తెల్ల లేసు చుట్ట తీసింది. కౌంటర్ మీద పరిచి, మీటరు కడ్డీ పక్కన పెట్టి, కత్తెర అందుకుంది.

"గిది బోనాల నుంచి శ్రావణం దాంక. దినానికి ఒక జానెడు," అంది. "చదువు మళ్ల. నిమ్మళంగ."

"ఏందక్కా ఇది?"

"చదువే."

చదివాను. బ్యాంకాక్ అనగానే కత్తెర కదిలింది, ఒక ముక్క పక్కన పడింది. సింగపూర్, ఇంకో ముక్క. "గీ విమానంల కూసునేది ఎవరి ఖాతా?" అని మరొకటి. "ఎయిర్‌పోర్టుల రాత్రంత కుర్చీల పండుకుంటమని రాసినవ్ గద, గది?" ఇంకొకటి. సిడ్నీ, దాని ఓడ. వెనక్కి కౌలాలంపూర్. మ్యాచింగ్ కోసం వచ్చినామె పెట్టెలు వదిలేసి మా వైపు తిరిగింది. కౌంటర్ నిండా తెల్ల ముక్కలు. అక్క ఒక్కొక్క దాన్ని సర్దుతూ వెళ్లి, చివరికి చుట్టలో మిగిలిన దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

మా దుకాణంలో చుట్ట అడుగున మిగిలిన ముక్కను బిట్టు అంటాం. దేనికీ చాలదు. బిట్లన్నీ ఒక డబ్బాలో వేస్తాం, స్కూలు పిల్లలు బొమ్మలకు తీసుకుపోతారు.

"చూడు," అంది నా వైపు కాదు, చీర పట్టుకున్నామె వైపు. "నేను చూస్తనన్న గొర్రెలకు మా చెల్లె గింత పెట్టింది. జాకెట్ చేతి అంచుకు సుత రాదు."

"అయ్యో," అంది ఆమె మనస్ఫూర్తిగా.

నేను ఏదో అనబోయాను. రేటు అదే అని, ఊరికే అని, ఇంత దూరం పోయి చూడకపోతే ఎట్లా అని. అక్క చెయ్యి ఎత్తింది.

"నీకు ఊళ్లు గావాలె. మస్తు ఊళ్లు చూడు. నువ్వూ మరిదీ పోయి రాండ్రి. నేను రాను."

కోపంగా అనలేదు. ఉన్న రేటు చెప్పినట్టు చెప్పింది. చెప్పేసి ఆమెకు లేసు కొలిచి ఇవ్వడానికి లేచింది. మూడు దశాబ్దాల్లో అక్క నన్ను అడిగింది ఇదొక్కటే. దాన్ని నేను కొసర్ల కింద పాతిపెట్టాను.

ఆటో కోసం కూడా ఆగలేదు. రెండు సందులు నడిచి మెట్లెక్కాను. ఆయాసపడుతూ, "మధ్యలో ఊళ్లన్నీ తీసేయండి" అన్నాను.

ఏజెంటు మొదటిసారి కంప్యూటర్ వదిలి నన్ను చూశాడు. "అన్నీనా?"

"అన్నీ. ఎక్కడా దిగం. విమానం మారడం తప్ప. నేరుగా గొర్రెల దగ్గరికి."

ఆయన టకటకా కొట్టాడు. ఆగాడు. "మేడమ్, తీసేస్తే రేటు పెరుగుతుంది."

"తీసేస్తే పెరగడమేంటండీ? తక్కువ ఇచ్చి ఎక్కువ అడుగుతారా?"

"మధ్యలో ఆపి, తిప్పి తీసుకెళ్తారు కాబట్టే ఆ రేటు. తొందరగా చేర్చాలంటే ఈ రేటు. ఊళ్లు ఊరికే ఇవ్వలేదు మేడమ్, మీ రోజులు తీసుకుని ఇచ్చారు. మొదటిరోజే చెప్పబోయాను."

వస్తువులు తగ్గితే ధర పెరగడం! నా ఒంట్లోని ప్రతి నరం ఎదురు తిరిగింది. బుద్ధి చెప్పేలోపే కాళ్లు లేచాయి. "వద్దులెండి, వేరే చోట చూసుకుంటాం" అని నోరు దానంతట అదే అంది. అట్లా లేచి రావడం మా బజార్‌లో ఒక విద్య. లేచాక చీర కుచ్చిళ్లు సర్దుకోవాలి. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడంలో కొంత సేపు పోగొట్టాలి, ఒక చెప్పు సరిగ్గా పట్టనట్టు. ఈలోపు వెనక నుంచి "అమ్మా, రండమ్మా, ఎంతిస్తారో చెప్పండి" అని పిలుపు రావాలి. వస్తుంది. నా జీవితంలో రాకుండా లేదు.

రెండు చెప్పులూ వేసుకున్నాను. పిలుపు రాలేదు. ఒకటి విప్పి దులిపి మళ్లీ వేసుకున్నాను. లోపల ఫ్యాను చప్పుడు. ఒక మెట్టు దిగి దగ్గాను. ఇంకొన్ని దిగి ఆగాను. కింద చెరుకురసం బండి దాకా వచ్చి, గ్లాసు రసం తాగుతూ పై కిటికీ వైపు చూశాను. ఆయన కిటికీ పక్కన టిఫిన్ డబ్బా విప్పుకుంటున్నాడు. పులిహోరలా ఉంది. నన్ను పిలిచే ఆలోచనే ఆ మనిషి ముఖంలో లేదు.

"మేడమ్, ఇంకో గ్లాసు?" అన్నాడు బండివాడు.

వద్దన్నాను. నాకు నవ్వొచ్చింది. రోడ్డు మీద, నా అంతట నేను, బండివాడు భయపడేంత నవ్వు. మా అక్క రానంటోంది, నేనిక్కడ నిలబడి విమానం కంపెనీ నన్ను వెనక్కి పిలుస్తుందని ఎదురుచూస్తున్నాను. ఏ దేశంలో ఉందో తెలియని కంపెనీ, కిటికీలోంచి తల బయటపెట్టి, అమ్మా రండమ్మా అని!

పిలవని దుకాణం మెట్లు మళ్లీ ఎక్కడమంత అవమానం మా వాళ్లకు ఇంకోటి లేదు. ఎక్కాను. మొదటి నాలుగు మెట్లు మా నాన్న చూస్తున్నట్టే అనిపించింది. తరవాత వేగంగా ఎక్కాను, చివరికి పరుగే. చెప్పులు గుమ్మం దగ్గర చెరోవైపు విసిరేశాను.

ఏజెంటు పులిహోర ముద్ద నోటి దగ్గర ఆపాడు. "ఏమన్నా మర్చిపోయారా మేడమ్?"

"టికెట్లు," అన్నాను.

ఆయన నవ్వితే నా సిగ్గు కాస్త పోయేది. నవ్వలేదు, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అడిగిన రేటిచ్చాను. ఇచ్చేటప్పుడు కళ్లు మూసుకున్నానని మా ఆయనకి ఈ రోజు వరకూ చెప్పలేదు. లేచి వచ్చేస్తూ ఉండబట్టలేక, "విమానం మారే చోట కొన్ని గంటలుంటాయి కదా, అవి...?" అన్నాను.

"అవి ఊరికే మేడమ్," అన్నాడాయన గంభీరంగా.

దుకాణానికొచ్చేసరికి సాయంత్రం గిరాకీ షురూ అయింది. నలుగురైదుగురు ఆడవాళ్లు కౌంటర్ మీద చీరలు పరిచి ఉన్నారు. అక్క నా ముఖం చూడకుండా ఒక చీరకు ఫాల్ రంగు సరిచూస్తోంది. నేను స్టూలెక్కి, ఊపిరి తీసుకుని, జరిగింది మొత్తం చెప్పాను. ఊళ్లు తీసేశానని, రేటు పెరిగిందని, చెప్పులు రెండుసార్లు వేసుకున్నానని, చెరుకురసం తాగానని. రాత్రంతా విమానం, తెల్లారితే చలి, అక్కడినుంచి అన్ని రోజులూ గొర్రెలే.

అక్క చేతిలో ఫాల్ అట్లాగే ఉండిపోయింది.

"ఆయన పిలవలే?"

"పిలవలే."

"పిలవకుంటనే మెట్లెక్కినవా?"

"ఎక్కిన."

"నువ్వు?"

"నేనే అక్కా."

మొదట భుజాలు కదిలాయి. తరవాత కౌంటర్ పట్టుకుని, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. చీరలు పరిచిన ఆడవాళ్లకు సంగతి అర్థం కాకపోయినా వాళ్లూ నవ్వడం మొదలుపెట్టారు. "మా చెల్లె! పిలవకుంటనే!" అని ఎదురుగా గాజుల దుకాణం ఆయనకు వినబడేలా అరిచింది. రేపు పొద్దునకల్లా పక్కనున్న బోయిగూడ దాకా ఈ వార్త పోతుందని నాకు తెలుసు. పోనీ.

కళ్లు తుడుచుకుని నా దగ్గరికొచ్చి మెల్లగా అంది, "వచ్చేటప్పుడు ఒక్క ఊరు ఉండనియ్యకపోయినవ్? గొర్రెలను చూసినంక నన్ను నువ్వు యాడ ఆపినా నాకు ఫికర్ లేదు."

"ఉండనియ్యాలా? వచ్చేటప్పుడు సింగపూర్ అదే రేటట!" అని నేను అప్పుడే ఫోన్ తీశాను. నా బుద్ధి మారిందని ఎవరన్నారు?

ఇంతలో కౌంటర్ అవతల నుంచి ఒక పెద్దావిడ, సంచిలోంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి, "అమ్మా, దీనికి ఫాల్ మొన్న లేదన్నావు కదా, బోనాలైన తరవాతి వారం వస్తాను, తెప్పించి ఉంచు" అంది.

అక్క చీర కొంగు పట్టుకుని వెలుతురులో రంగు చూసింది. మడిచి ఆమె చేతిలో పెట్టింది.

"గా వారం దుకాణం బంద్ ఉంటదమ్మా. నేను ఊర్ల ఉండ."

"ఎక్కడికి పోతున్నావు?"

"న్యూజిలాండ్ పోతున్న," అంది అక్క, బోయిగూడ పోతున్నట్టు. "నీకు అర్జెంటైతె పక్క దుకాణంల తీసుకో."